ఫోన్‌లో డాక్టరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మకు బీపీ, షుగర్. పలమనేరు పక్కన పల్లెలో ఉంటుంది. తిరుపతి డాక్టరుగారు వీడియోలో చూస్తారు కానీ, మేము చెప్పే అంకెలు నమ్మరు. మిషన్‌తో చూసే కదా చెబుతున్నాం?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ఆయన అనుమానమంతా అంకె తీసిన తీరు మీదే. బీపీ చూసే ముందు అరగంట కాఫీ, టీ ఇవ్వకండి. మూత్రానికి వెళ్లి రమ్మనండి. వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ రవికె చేతి మీద కాకుండా ఒట్టి చర్మం మీద చుట్టాలి. చేయి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా, పట్టీ బిగుస్తుండగా మాట్లాడించినా అంతే. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. ఉదయం మాత్ర వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారం పాటు.

షుగర్‌కి మామిడి సీజన్‌లో మరీ జాగ్రత్త. పండు పట్టుకున్న వేలిని గుచ్చితే చర్మం మీది చక్కెర రక్తపు చుక్కలో కలిసి అంకె ఎగబాకుతుంది. శానిటైజర్ చాలదు, సబ్బుతో కడిగి పొడిగా తుడవాలి. తడి ఉంటే రక్తం పలచబడి తప్పు చూపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించండి, గడువు తేదీ చూడండి. పరగడుపునా, తిన్న 2 గంటలకా అన్నది అంకె పక్కనే రాయండి.

ఈ అంకెలు రాసిన పేజీ ఫొటో డాక్టరుకు ముందురోజే పంపండి. బాగున్న అంకెలే ఏరి చెప్పడం మన ఇళ్లలో మామూలు, డాక్టర్లు జంకేది దానికే. ఈసారి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మీ బీపీ మిషన్ తీసుకెళ్లి అక్కడి దాంతో సరిపోల్చమనండి. ఇంకొక మాట: ఆయన అమ్మను అడిగితే అమ్మనే చెప్పనివ్వండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కనిపించే డాక్టరు అసలైనవారేనని తెలిసేదెలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మందుల చీటీ మీద, రశీదు మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో వెతకండి. నంబరు దొరికితే చాలనుకోకండి. పేరు, రాష్ట్ర కౌన్సిల్, చదువు కూడా కలవాలి, ఇతరుల నంబరు వాడుకునేవాళ్లున్నారు.

నిజమైన డాక్టరు కూడా మీ పేరు, వయసు, ఊరు అడిగి రాసుకుంటారు. ఏమీ అడక్కుండా చీటీ పంపేవారిని నమ్మొద్దు. ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు ఫోన్‌లో రాయకూడదన్నది ఆ మార్గదర్శకాల నిబంధనే. అడగ్గానే రాసిచ్చేవారు మీకు మేలు చేస్తున్నట్టు కాదు. ఓటీపీ అడిగినా, మీ ఫోన్ స్క్రీన్ వాళ్లకు చూపించే యాప్ వేసుకోమన్నా కాల్ కట్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో ఫీజు ఉండదు.

ప్రశ్న: మా విలేజ్ క్లినిక్‌లో ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడిస్తాం. జనం మాత్రం “టీవీలో డాక్టరుకు ఏం తెలుస్తాది, తిరుపతి రుయా ఆస్పత్రికే పోతాం” అంటున్నారు.
– ఒక ఎంఎల్‌హెచ్‌పీ (విలేజ్ క్లినిక్ ఆరోగ్య సిబ్బంది), శ్రీకాళహస్తి

జవాబు: వాళ్ల మాటలో న్యాయం ఉంది. మన రాష్ట్రంలో ఈ పద్ధతి 2019 నవంబరులోనే మొదలైంది. అయినా చాలాచోట్ల పేషెంటు పక్కన కూర్చుంటే, డాక్టరుతో మాట్లాడేది సిబ్బందే. కెమెరా ముందు కుర్చీ పేషెంటుకు ఇవ్వండి. వెనక కిటికీ ఉంటే మొహం నల్లగా కనిపిస్తుంది, వెలుతురు ఎదుటి నుంచి పడాలి. బరువు, బీపీ, జ్వరం, ఆక్సిజన్, వాడుతున్న మందులు, ఇవన్నీ కాల్ కలపకముందే కంప్యూటర్‌లో ఎక్కించేయండి. లేకుంటే ఉన్న కాస్త సమయం అంకెలకే పోతుంది. ఆక్సిజన్ చూసే వేలికి గోరింటాకు, నెయిల్ పాలిష్ లేకుండా చూసుకోండి.

గదిలో ఎవరెవరున్నారో రెండువైపులా చెప్పాలి. ఆడవాళ్లు తెల్లబట్ట గురించి చెప్పాలంటే తలుపు వేసి, హెడ్‌ఫోన్ ఇవ్వండి. బయట వరుసలో ఊరివాళ్లుండగా స్పీకర్ పెడితే ఆమె తలనొప్పి అని చెప్పి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు.

డాక్టరు వైపు కూడా చెప్పాల్సింది ఉంది. టైప్ చేసేటప్పుడు “రాసుకుంటున్నానమ్మా, వింటున్నా” అనాలి, లేదంటే తల దించుకుంటే పట్టించుకోలేదనుకుంటారు. సిగ్నల్ వెనకబడుతుంది కనుక పేషెంటు ఆగాక రెండు క్షణాలు ఆగి మాట్లాడాలి. చివర్లో “ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటావో ఒకసారి చెప్పు తల్లీ” అని అడగాలి. తలూపడాన్ని అర్థమైనట్టు లెక్కపెట్టకూడదు.

అన్నిటికన్నా నమ్మకాన్ని చెడగొట్టేది రాసిన మందు మీ బీరువాలో లేకపోవడం. స్టాకులో ఉన్న మందుల జాబితా డాక్టరుకు ముందే చెప్పండి. కడుపు నొక్కి చూడాల్సిన నొప్పికి “ఇది వీడియోలో తేలదు, రుయాకు వెళ్లండి” అని డాక్టరే చెబితే ఆయన మాటకు విలువ పెరుగుతుంది. అప్పుడు కారణం రాసిన చీటీ చేతికివ్వండి. మూడో రోజు ఆశ కార్యకర్త ఫోన్ చేసి ఎలా ఉందని అడగాలి.

ప్రశ్న: అసలు ఫోన్ వైద్యం పనికిరానిది ఎప్పుడు?
– ఒక పాఠకుడు, నగరి

జవాబు: ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, చేయి పడిపోవడం, పాము కాటు, ఆగని రక్తం, ఫిట్స్: వీటికి 108. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనికొస్తుంది కనుక ఎన్ని గంటలకు మొదలైందో రాసిపెట్టి అంబులెన్సులో చెప్పండి. ఎముక విరిగిందనుకుంటే వీడియో కాల్ దండగ. విరిగిన ఎముకకు నాటు పద్ధతిలో కట్టే పుత్తూరు కట్టుకే వెళ్లాలనుకున్నా ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకు చూపించండి.