లువాంగ్ ప్రబాంగ్‌కి రెండు రోజులు చాలవు, అమ్మానాన్నలతో అయితే అసలే చాలవు

అడిగిన ప్రశ్న: "డిసెంబరులో బ్యాంకాక్ వెళ్తున్నాం. అక్కడి నుంచి రెండు రోజులు లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ చూసొద్దామని ఆలోచన. వెంట అమ్మానాన్నలు ఉంటారు, ఇద్దరికీ అరవై దాటాయి. ఏ గుళ్ళు చూడాలి, ఎలా ప్లాన్ చేసుకోవాలి?"

ముందు ఆ రెండు రోజులన్న మాట కొట్టేయండి. కనీసం నాలుగు రాత్రులు ఉండండి. అంత తీరిక లేకపోతే ఈసారికి బ్యాంకాక్‌తో సరిపెట్టుకుని, ఈ ఊరిని వచ్చే ఏడాదికి ఉంచుకోండి. లువాంగ్ ప్రబాంగ్ వెళ్ళొచ్చి "ఏముంది అక్కడ, నాలుగు గుళ్ళు, ఒక జలపాతం" అని పెదవి విరిచినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళంతా రెండు రోజుల ప్యాకేజీలో వెళ్ళినవాళ్ళే. తీరిగ్గా ఉండి వచ్చినవాళ్ళలో నచ్చలేదన్నవాళ్ళు ఒక్కరు కూడా నాకు తగల్లేదు.

మెకాంగ్‌లో నామ్ ఖాన్ నది వచ్చి కలిసే చోట, రెండు నదుల మధ్య మొనదేలిన సన్నటి నేల మీద ఉంటుంది పాత ఊరు. పొడవునా నడిచినా పెద్ద దూరం కాదు. 1975 దాకా లావోస్‌లో రాజులుండేవారు, వాళ్ళ రాజభవనం ఈ ఊళ్ళోనే. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. పాత ఊళ్ళోకి లారీలను, పెద్ద బస్సులను రానివ్వరు కాబట్టి హారన్ల గోల ఉండదు. పెద్దవాళ్ళు భయం లేకుండా రోడ్డు దాటగలిగే ఊరు. ఇలాంటి చోట పరుగులు పెట్టడానికి వెళ్ళడం దేనికి?

పరుగుల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మేం వెళ్ళే ముందు హైదరాబాద్‌లో ఒక ఏజెంట్‌ని అడిగాం. ఆయన ఇచ్చిన కాగితంలో మొదటి రోజే క్వాంగ్ సీ జలపాతం, పాక్ ఊ గుహలు, ఫూసీ కొండ మీద సూర్యాస్తమయం, రాత్రి బజారు అన్నీ ఉన్నాయి. జలపాతం ఊరికి దక్షిణాన 30 కిలోమీటర్ల దూరం. గుహలు నది ఎగువన 25 కిలోమీటర్లు. ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పెద్దవాళ్ళను రోజంతా తిప్పడమన్నమాట. రెండో రోజు తెల్లవారుజామున తక్ బాత్ అని రాసి, దాని పక్కన "ఫోటో స్టాప్, 20 నిమిషాలు" అని పెట్టాడు. ఆ ఒక్క ముక్క చూసి నేను ఆ కాగితం పక్కన పడేశాను. అసలు ఈ జవాబు రాయడానికి కూర్చున్నదే తక్ బాత్ గురించి చెప్పాలని.

తెల్లవారుతుండగా ఊళ్ళోని గుళ్ళ నుంచి భిక్షువులు వరసగా, చెప్పుల్లేకుండా, మాట్లాడకుండా భిక్షకు బయల్దేరతారు. జనం వీధి పక్కన చాపలు వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరి పాత్రలో చిటికెడు జిగురు అన్నం పెడతారు. అదే తక్ బాత్. వరస చివర నడిచేది చిన్న పిల్లలు. చాలామంది పల్లెల నుంచి చదువు కోసం గుళ్ళో చేరినవాళ్ళు. ఆ రోజు వాళ్ళు తినేది ఆ భిక్షే.

మొదటి రోజు పొద్దున మేం పెద్ద వీధిలో, అవతలి వైపు నిలబడి చూశాం. వ్యాన్లు వచ్చి ఆగాయి. వరసగా ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి ఉన్నాయి, బుట్టలో అన్నం అమ్మేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఒకాయన భిక్షువుల ఎదురుగా వెనక్కి నడుస్తూ ఫ్లాష్ కొడుతున్నాడు. ఇంకొకావిడ పదేళ్ళ పిల్లవాడి ముఖానికి జానెడు దూరంలో ఫోన్ పెట్టింది. ఆ పిల్లవాడు కళ్ళు దించుకుని నడిచిపోయాడు. దూరంగా ఉండండి, ఫ్లాష్ వాడకండి అని ఆ ఊళ్ళో బోర్డులు పెట్టి మరీ చెబుతారు. చదివేవాళ్ళేరి? మన ఇంట్లో పూజ జరుగుతుంటే ఎవరో ముక్కూ ముఖం తెలియనివాళ్ళు లోపలికొచ్చి పూజారి ముఖం మీద లైటు వేస్తే ఊరుకుంటామా? అమ్మ ఒక్క నిమిషం చూసి, "పదరా, ఇక్కడ నిలబడటానికే సిగ్గుగా ఉంది" అంది.

మేం ఉన్నది నామ్ ఖాన్ వైపు సందులో, ఒక కుటుంబం నడిపే చిన్న గెస్ట్‌హౌస్‌లో. దాన్ని చూసుకునే పెద్దావిడకు అమ్మ వయసే ఉంటుంది. ఇంగ్లీషు పదో పరకో వచ్చు. అమ్మ ముఖం చూసి సంగతి అర్థం చేసుకున్నట్టుంది, మర్నాడు తనతో రమ్మని సైగ చేసింది. అమ్మ నాలుగింటికే లేచి తలస్నానం చేసింది. కిందికి వెళ్ళేసరికి వంటింట్లో కుండ మీద వెదురు గంప పెట్టి ఆవిరి మీద అన్నం ఉడికిస్తున్నారు. ఆవిడ తన బీరువాలోంచి పొడవాటి నేత కండువా తీసి అమ్మ ఎడమ భుజం మీదుగా వేసింది. మూత ఉన్న చిన్న వెదురు బుట్టలో వేడన్నం సర్ది చేతికిచ్చింది. అమ్మ తెలుగులో, ఆవిడ లావోలో మాట్లాడుకుంటున్నారు. "ఎంత పెట్టాలమ్మా, ఇంతా?" అని అమ్మ వేళ్ళు చూపిస్తే, ఆవిడ అమ్మ వేళ్ళు పట్టుకుని ఇంకొంచెం దగ్గరికి నొక్కింది. చివరి పిల్లవాడి దాకా సరిపోవాలి కదా.

సందు మలుపులో చాప వేసి ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు కూర్చునే పెట్టాలి, భిక్షువులను తాకకూడదు. ఇరుగుపొరుగు నలుగురైదుగురు తప్ప ఆ వీధిలో ఎవరూ లేరు. నేనూ నాన్నా వెనక గోడ దగ్గర నిలబడ్డాం. నేను ఫోన్ గదిలోనే వదిలేశాను. వరస వచ్చింది. అన్నం వేడికి అమ్మ వేళ్ళు కాలుతున్నాయని తెలుస్తూనే ఉంది, అయినా ఆగలేదు. ముద్ద తియ్యడం, పెట్టడం, తలొంచడం. చివర్లో మరీ చిన్నవాడొకడు వచ్చాడు. వాడికి అమ్మ ముద్ద పెద్దదే పెట్టింది. పెద్దావిడ చూసి కూడా ఏమీ అనలేదు.

అంతా అయ్యాక ఆవిడ చిన్న పాత్రలో నీళ్ళు తెచ్చి, ఏదో చదువుతూ, ఇంటి ముందు చెట్టు మొదట్లో సన్నటి ధారగా వదిలింది. పోయినవాళ్ళకు ఆ పుణ్యం చేరాలని వాళ్ళలా చేస్తారు. అది అమ్మకు ఎవరూ చెప్పలేదు. చూస్తూనే అర్థమైపోయింది. "నేనూ మా అమ్మ పేరు చెప్పుకుని వదలొచ్చా అడగరా" అంది నాతో. అడిగేలోపే ఆవిడ పాత్ర అమ్మ చేతికిచ్చింది. మా అమ్మమ్మ పోయిన ఏడాది ఏ కారణం వల్లో ఇంట్లో కార్యక్రమాలు సరిగ్గా జరగలేదు, ఆ బాధ అమ్మకు లోపల ఉండిపోయింది. మెకాంగ్ ఒడ్డున, భాష తెలియని ఊళ్ళో, ఎవరింటి చెట్టు దగ్గరో అది కొంత తీరింది. "20 నిమిషాల ఫోటో స్టాప్"లో ఇది జరుగుతుందా చెప్పండి.

అందుకే, మీ అమ్మానాన్నలకు నిజంగా భక్తి ఉండి పెట్టాలనుకుంటేనే తక్ బాత్‌లో కూర్చోండి. రోడ్డు మీద కొనకుండా, మీరున్న చోటే అన్నం వండి ఇమ్మనండి. పెట్టాలని లేకపోతే అవతలి వైపు దూరంగా నిలబడి చూడండి. సందుల్లోకి గుంపుగా మాత్రం వెళ్ళకండి. పెద్ద వీధికి పట్టిన గతి వాటికి పట్టకూడదు.

ఇక గుళ్ళు. ఊళ్ళో ముప్ఫైకి పైగా ఉన్నాయి, అన్నీ చూడాలని పంతం పెట్టుకోకండి. వాట్ సియెంగ్ థోంగ్‌కి మాత్రం ఒక పూట పూర్తిగా ఇవ్వండి. పదహారో శతాబ్దంలో సేట్ఠాథిరాట్ అనే రాజు కట్టించాడు. అంచెలంచెలుగా నేల దాకా వాలినట్టుండే పైకప్పు, నల్లటి లక్క మీద బంగారు బొమ్మలు, వెనక గోడ మీద రంగు అద్దాలతో చేసిన పెద్ద చెట్టు. ఆ ఆవరణలోనే, 1959లో పోయిన సిసవంగ్ వాంగ్ రాజు అంత్యక్రియలకు చేసిన రథం ఉంచిన శాల ఉంది. దాని తలుపుల మీద చెక్కిన బంగారు బొమ్మలు రామాయణం. నాన్న వాటి ముందు ఎంతసేపు నిలబడ్డారో లెక్కలేదు. ఎవరు ఎవరో పోల్చుకుంటూ నాకు చెబుతుంటే, పక్కన ఉన్న ఫ్రాన్స్ జంట కూడా ఆగి విన్నారు. లావో రామాయణం పేరు ఫ్రా లక్ ఫ్రా లామ్. రాజభవనం ఆవరణలో ఉన్న నాటకశాలలో కొన్ని సాయంత్రాలు దాన్ని నృత్యంగా ఆడతారు. వెళ్ళిన రోజే టైములు కనుక్కోండి.

నాన్నది గుంటూరు వైపు ఊరు. అమరావతి స్తూపం, నాగార్జునకొండ మ్యూజియం చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషి. మన దగ్గర బౌద్ధం రాళ్ళ మీద మిగిలింది, ఇక్కడ పొద్దున్నే ఇంటి ముందుకు నడిచొస్తోందని ఆయన దారి పొడవునా అంటూనే ఉన్నారు. గుంటూరు, పల్నాడు వైపు వాళ్ళెవరైనా ఈ ఊరు చూడాలి, బ్యాంకాక్ షాపింగ్ కన్నా ముందు చూడాలి అని నా అభిప్రాయం.

ఫూసీ కొండకు రాజభవనం వైపు నుంచి 328 మెట్లు. సాయంత్రం పైన నిలబడటానికి చోటుండదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఆ తోపులాట వద్దు. ఎక్కాలనుంటే పొద్దున్నే ఎక్కండి. సాయంత్రం రాజభవనం వెనక రేవులో పడవెక్కి మెకాంగ్ అవతలి ఒడ్డుకు వెళ్ళండి. అక్కడ వాట్ లాంగ్ ఖూన్ అని ఒక గుడి ఉంది, పట్టాభిషేకానికి ముందు రాజులు మూడు రోజులు అక్కడ ధ్యానంలో గడిపేవారట. మేం వెళ్ళినప్పుడు చెట్ల కింద కోళ్ళు తప్ప ఎవరూ లేరు.

తిండి గురించి మీ అమ్మగారికి ఇప్పుడే ధైర్యం చెప్పండి. శాకాహారులైతే కష్టమే. కూరగాయల్లో కూడా చేపలను పులియబెట్టి తీసిన నీళ్ళు పోస్తారు. "బో సై నామ్ పా" అని చెప్పడం నేర్చుకోండి, చేపనీళ్ళు వెయ్యొద్దని అర్థం. అయితే జిగురు అన్నం చేత్తోనే తింటారు, మనవాళ్ళకు హాయి. జేవ్ అని పచ్చళ్ళుంటాయి. వంకాయనో టమాటానో నిప్పుల మీద కాల్చి, మిరపకాయలు, వెల్లుల్లి వేసి రోట్లో దంచుతారు. చేపనీళ్ళు లేకుండా చేయించుకుంటే అచ్చం మన రోటి పచ్చడే. అమ్మ రోజూ అదే తింది. ఇంటి నుంచి కందిపొడి తీసుకెళ్ళండి. లావోస్ డబ్బు కిప్. డాలరుకు 20 వేల కిప్‌ల పైనే వస్తాయి కాబట్టి బిల్లు లక్షల్లో కనిపిస్తుంది, టెన్షన్ పడకండి.

బ్యాంకాక్ నుంచి నేరుగా విమానాలున్నాయి, పెద్దవాళ్ళతో అదే మేలు. లావోస్ రాజధాని వియంటియాన్ మీదుగా వెళ్తే 2021 డిసెంబరులో మొదలైన చైనా రైలు రెండు గంటల్లో చేరుస్తుంది. కానీ స్టేషన్ ఊరికి దూరం, సామాను తనిఖీలో కత్తెరలు, స్ప్రే డబ్బాలు తీసేసుకుంటారు. నొప్పికి కొట్టుకునే స్ప్రే బదులు ఆయింట్‌మెంట్ పెట్టుకోండి. డిసెంబరు మంచి నెలే, తెల్లవారుజామున బాగా చలి, స్వెట్టర్లు మర్చిపోవద్దు. మీ ప్రయాణం ఎందుకైనా వాయిదా పడితే మార్చిలోకి మాత్రం జరపకండి. కొండల మీద పొలాల కోసం అడవి తగలబెడతారు, ఊరంతా పొగ. ఏప్రిల్ మధ్యలో వాళ్ళ కొత్త సంవత్సరం, అప్పుడు రాజభవనం నుంచి ఫ్రా బాంగ్ బుద్ధ విగ్రహాన్ని పక్కనే ఉన్న వాట్ మై గుడికి ఊరేగింపుగా తెచ్చి జనం నీళ్ళతో అభిషేకం చేస్తారు. చూడదగ్గదే గానీ వీధుల్లో నీళ్ళు చల్లుకునే సందడి పెద్దవాళ్ళు తట్టుకోలేరు.

ఇంకొక్కటి, ప్యాకేజీల్లో ఎవరూ పెట్టనిది. ఊళ్ళో పేలని బాంబుల గురించి చెప్పే యూఎక్స్ఓ కేంద్రం ఉంది. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఈ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. పేలకుండా నేలలో మిగిలినవాటికి ఇప్పటికీ రైతులు, పిల్లలు బలవుతున్నారు. గంట చాలు, తప్పకుండా వెళ్ళండి.

గది మాత్రం పాత ఊళ్ళోనే, గుళ్ళకు నడిచి వెళ్ళేంత దూరంలో తీసుకోండి. పాత చెక్క ఇళ్ళలో మెట్లు నిటారుగా ఉంటాయి, అమ్మానాన్నలకు కింది అంతస్తు గది కావాలని బుక్ చేసేటప్పుడే రాయించుకోండి.