టెక్ సందేహాలు: టీకా కబురు పంచుకోవచ్చు, టీకా పత్రం పంచుకోకూడదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. టీకా వేయించుకున్న సంగతిని ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో పెట్టవచ్చా, పెడితే ఏమవుతుంది, ఎప్పుడో పెట్టినదాన్ని ఇప్పుడేం చేయాలి అని పాఠకులు అడిగారు. అందుకే మిగతా సందేహాలను వచ్చేసారికి ఉంచి ఈ నాలుగింటికే సమాధానం ఇస్తున్నాను.

ముందుగా ఒక మాట. టీకా కబురును నలుగురికీ చెప్పడం మంచి పని అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. 2021 వేసవిలో విశాఖపట్నం మర్రిపాలెంలో మా వీధిలో టీకా అంటే జంకినవారు చాలామందే ఉండేవారు. టీవీలో ఎన్ని ప్రకటనలు వచ్చినా కదలని ఒక కుటుంబం, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు పెద్దాయన భుజానికి దూది అద్దుకుని నవ్వుతున్న ఫొటోను కాలనీ గ్రూపులో చూసి, మర్నాడు పొద్దున్నే ఆధార్ కార్డులు పట్టుకుని వరుసలో నిలబడింది. ఆ ఏడాది జూన్ 20న మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేయగలిగారంటే, సిబ్బంది పడిన శ్రమతో పాటు ఇలా ఒకరిని చూసి ఒకరు ధైర్యం తెచ్చుకోవడం కూడా అందుకు తోడ్పడిందని నా అభిప్రాయం. కాబట్టి ఈ సమాధానాలు చదివి ఎవరూ కబురు చెప్పడం మానుకోవద్దు.

ప్రశ్న: మా మనుమరాలికి మొన్ననే మూడున్నర నెలల టీకాలు వేయించాం. పాప ఫొటోతో పాటు, తేదీలు రాసిన కార్డును కూడా ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా అబ్బాయి దాన్ని తీసెయ్యమని కోప్పడుతున్నాడు. అందరూ మనవాళ్లే కదా, తప్పేముంది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, సీతమ్మధార

అమ్మా, పాప ఫొటో పెట్టడంలో తప్పేమీ లేదు. కార్డు విషయంలో మాత్రం మీ అబ్బాయి మాట వినండి. తల్లీబిడ్డల రక్షణ కార్డు అంటే టీకాల పట్టిక ఒక్కటే అనుకుంటాం గానీ, అందులో తల్లిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఆరోగ్య శాఖ ఇచ్చిన గుర్తింపు సంఖ్య రాసే గళ్లు ఉంటాయి. ప్రసూతి పథకాల సొమ్ము జమ చేయడానికని బ్యాంకు ఖాతా వివరాలు రాసే చోటు కూడా ఉంటుంది. వీటికి బిడ్డ పుట్టిన తేదీ తోడైతే, ఒక అపరిచితుడు మీ కోడలికి ఫోన్ చేసి ఆశ కార్యకర్త తరఫు మనిషిలా నమ్మకంగా మాట్లాడడానికి కావలసిన సరంజామా అంతా ఒక్క ఫొటోలో దొరికినట్టే. ప్రసూతి పథకం డబ్బు పడుతుందని బాలింతలకు ఫోన్ చేసి, లింకు నొక్కించో ఓటీపీ చెప్పించో ఖాతా ఖాళీ చేసే మోసం మనం విననిది కాదు. పాప పేరు, వేసిన టీకాలు, తర్వాతి టీకా తేదీ కూడా సరిగ్గా చెప్పేవాడిని అనుమానించడం చదువుకున్నవారికి కూడా కష్టమే.

గ్రూపులో ఉన్నది మనవాళ్లే అన్నది నిజమే కావచ్చు. అయితే మనవాళ్ల ఫోన్లు కూడా పోతుంటాయి, వాళ్ల వాట్సాప్ ఖాతాలు కూడా మోసగాళ్ల చేతికి చిక్కుతుంటాయి. పెళ్లినాటి నుంచి నడుస్తున్న ఆ గ్రూపులో ఇప్పుడు ఎందరున్నారో, ఎవరి నంబరు చేతులు మారిందో ఒకసారి సభ్యుల జాబితా తెరిచి చూడండి. గ్రూపులో పెట్టిన సందేశాన్ని అందరి ఫోన్లలోంచీ తొలగించే వీలు సుమారు రెండు రోజుల వరకే ఉంటుంది కాబట్టి, ఈ సమాధానం చదివేనాటికి గడువు దాటి ఉంటే, కార్డు ఫొటోను తీసెయ్యమని బంధువులను మామూలుగా అడగడమే మార్గం. మొహమాటపడకండి.

కార్డు కనిపించేలాగే ఫొటో పెట్టాలని ఉంటే, వివరాలను కప్పే పద్ధతి తెలిసి ఉండాలి. చాలామంది ఫోన్‌లోని హైలైటర్ పెన్నుతో అక్షరాల మీద నల్లగా గీస్తారు. ఆ రంగు సగం పారదర్శకంగా ఉంటుంది. ఫొటో వెలుతురు పెంచితే కింది అక్షరాలు మళ్లీ కనిపిస్తాయి. అక్షరాలను మసకబార్చే బ్రష్ కూడా, ముఖ్యంగా అంకెల విషయంలో, నమ్మదగింది కాదు. వెనక ఏమీ కనిపించని నిండు రంగు పెట్టెతో కప్పి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌నే పంపాలి. క్యూఆర్ కోడ్ ఉంటే మరింత జాగ్రత్త అవసరం. కొంత భాగం చిరిగినా మాసినా చదవగలిగేలా ఆ కోడ్‌ను తయారు చేస్తారు. అందులో వాడిన దిద్దుబాటు స్థాయిని బట్టి దాదాపు 7 నుంచి 30 శాతం వరకు చెడిపోయినా స్కానర్ దాన్ని చదివేస్తుంది. మధ్యలో ఒక పువ్వు బొమ్మ అంటించి దాచేశామనుకుంటే పొరపాటు. కోడ్ మొత్తాన్ని, మూలల్లోని మూడు చదరాలతో సహా కప్పాలి.

ఇంకా తేలిక దారి, పాప చేతిలో కార్డును మూసి ఉంచి, పైఅట్ట మీద పేరు, నంబర్లు ఉంటే వాటి మీద చెయ్యి అడ్డం పెట్టి ఫొటో తీయడం. రెండు నెలల లోపు మనుమలున్న బంధువులెవరైనా ఆ గ్రూపులో ఉంటే, 6, 10, 14 వారాల టీకాలు దాటేయకూడదని మీ మాటల్లో ఒక వాక్యం రాయండి. ఉపాధ్యాయురాలు చెబితే వింటారు.

ప్రశ్న: 2021లో నా కోవిడ్ టీకా సర్టిఫికెట్‌ను గర్వంగా ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఈ మధ్య అదే ‘జ్ఞాపకం’గా మళ్లీ కనిపిస్తే ఆలోచించకుండా షేర్ కూడా చేశాను. ఇప్పుడు తీసేయడం వల్ల ప్రయోజనం ఉందా? కోవిన్ సమాచారమే బయటికి వచ్చిందని అప్పట్లో చదివాను.
– ఉక్కు కర్మాగారం విశ్రాంత ఉద్యోగి, గాజువాక

తప్పకుండా ఉంది. ఆ సర్టిఫికెట్‌లో మీ పేరు, వయసు, ఆధార్ చూపించి ఉంటే దాని చివరి నాలుగు అంకెలు, లబ్ధిదారు సంఖ్య, టీకా పేరు, తేదీ, వేసిన కేంద్రం ఉంటాయి. క్యూఆర్ కోడ్‌లో ఈ వివరాలే డిజిటల్ సంతకంతో సహా ఉంటాయి కాబట్టి, పైన అక్షరాలను చెరిపి కోడ్‌ను వదిలేస్తే ఏమీ దాచనట్టే. 2021 మే నెలలోనే కేంద్ర హోంశాఖకు చెందిన ‘సైబర్ దోస్త్’ ఖాతా, ఈ సర్టిఫికెట్లను సామాజిక మాధ్యమాల్లో పెట్టవద్దని హెచ్చరించింది. ముందుజాగ్రత్త డోసు మొదలైన రోజుల్లో, మీకు మూడో డోసు నమోదు చేస్తామని ఫోన్ చేసి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పించుకుని, దాంతో బాధితుల వాట్సాప్ ఖాతాను తమ ఫోన్‌లో తెరుచుకున్న మోసాలు జరిగాయి. రెండో డోసు ఏ తేదీన, ఎక్కడ వేయించుకున్నారో ముందే తెలిసినవాడికి ఆ పని ఎంత సులువో ఊహించవచ్చు.

మీ రెండో మాటకు కూడా సూటిగా సమాధానం చెప్పాలి. 2023 జూన్‌లో, ఫోన్ నంబరు ఇస్తే టీకా వేయించుకున్నవారి వివరాలు చూపిస్తున్న ఒక టెలిగ్రామ్ బాట్ (అడిగినదానికి తనంతట తానే బదులిచ్చే ప్రోగ్రాం) సంగతి బయటపడింది. కోవిన్ పోర్టల్ పూర్తిగా సురక్షితంగా ఉందని, ఓటీపీ లేకుండా వివరాలు రావని ఆరోగ్య శాఖ అప్పుడు ప్రకటించింది. ఆ వివాదం ఎలా ఉన్నా, ఎక్కడో చీకటి మూలన ఎవరి దగ్గరో ఉన్న సమాచారానికీ, మీ పేరు మీద, మీ ముఖం పక్కన, మీ స్నేహితుల జాబితాతో సహా ఎవరైనా చూడగలిగే పోస్టుకూ తేడా ఉంది. వీధి తలుపు తాళం చెవి ఒకటి పోయిందని తలుపు బార్లా తీసి పడుకోం కదా.

తీసే పద్ధతి ఇది. ఫేస్‌బుక్‌లో మీ ప్రొఫైల్ తెరిచి, మూడు చుక్కల గుర్తు నొక్కి, ‘యాక్టివిటీ లాగ్’లోకి వెళ్లి, మీ పోస్టులను తేదీల వారీగా 2021కి కుదించండి. అసలు పోస్టును, మొన్న ‘జ్ఞాపకం’గా షేర్ చేసినదాన్ని విడివిడిగా ఎంచుకుని చెత్తబుట్టలో వేయండి. అవి అక్కడ 30 రోజులు ఉండి శాశ్వతంగా పోతాయి, ఈలోపే మీరు స్వయంగా చెరిపేయవచ్చు కూడా. ఆ రోజుల్లో ఇంకేమి పెట్టారో గుర్తులేకపోతే, సెట్టింగ్స్‌లో పాత పోస్టులను స్నేహితులకే పరిమితం చేసే ఏర్పాటు ఉంది. అందరికీ కనిపించే పాత పోస్టులన్నీ దాంతో ఒక్కసారిగా స్నేహితుల వరకే కుదించుకుపోతాయి. మీకు గూగుల్ ఫొటోస్ అలవాటుంటే, అక్కడి వెతుకులాట గడిలో సర్టిఫికెట్ అనో కోవిన్ అనో ఇంగ్లిష్‌లో టైపు చేయండి. బొమ్మల్లోని అక్షరాలను కూడా ఆ యాప్ చదువుతుంది కాబట్టి, ఇంట్లో అందరి సర్టిఫికెట్ల స్క్రీన్‌షాట్లూ బయటపడతాయి. వాటిలో ఏవైనా ఎవరితోనైనా పంచుకున్న ఆల్బమ్‌లో ఉన్నాయేమో చూడండి.

పిక్సెల్ ఫోన్ వాడినవారికి ఒక అదనపు మాట. ఆ ఫోన్‌లోని మార్కప్ పరికరంతో కత్తిరించిన స్క్రీన్‌షాట్లలో, కత్తిరించి పారేశామనుకున్న భాగం కూడా ఫైల్‌లో మిగిలిపోయి, దాన్ని తిరిగి రాబట్టే వీలుందని 2023 మార్చిలో బయటపడింది. అలాంటి లోపమే విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్‌లోనూ కనిపించింది. రెండింటినీ సరిచేశారు, కానీ అంతకుముందు కత్తిరించి పెట్టిన బొమ్మలు వాటంతటవే బాగుపడవు. 2021 నాటి అలాంటి బొమ్మలు ఉంటే తీసేయడమే మంచిది.

ప్రశ్న: ‘మీ పిల్లల టీకా రికార్డు అసంపూర్తిగా ఉంది, ఈ యాప్‌లో సరిచేసుకోండి’ అని ఒక ఫైల్ వాట్సాప్‌లో వచ్చింది. చివర ఏపీకే అని ఉంది. తెరవవచ్చా?
– ఒక గృహిణి, మధురవాడ

తెరవకండి. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్. టీకాల పేరుతో ఇలాంటి ఫైళ్లు 2021లోనే వచ్చాయి. టీకా నమోదు యాప్ అని ఎస్ఎంఎస్‌లో లింకు పంపి, దాన్ని ఇన్‌స్టాల్ చేసుకున్నవారి ఫోన్‌లోని నంబర్లన్నింటికీ అదే సందేశాన్ని పంపించే నకిలీ యాప్ గురించి అప్పుడు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించింది. పిల్లల టీకాల వివరాలు ప్రభుత్వ పోర్టల్ యూ-విన్‌లో నమోదవుతాయి. పొరపాటు ఉంటే మీ సచివాలయ ఏఎన్ఎం గారిని అడిగితే సరిచేయిస్తారు, ఎవరూ ఏపీకే ఫైల్ పంపరు. ఒకవేళ ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే, వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపివేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: నేను మర్చంట్ నేవీలో మొదటి ఓడ ఎక్కబోతున్నాను. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ పసుపు పుస్తకాన్ని తెరిచి ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. సీనియర్లు తీసెయ్యమంటున్నారు. పైగా ఒక ఏజెంటు దాన్నే వాట్సాప్‌లో పంపమంటున్నాడు.
– ఒక యువకుడు, మల్కాపురం

తమ్ముడూ, ముందుగా అభినందనలు. ఓడరేవు ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ పుస్తకం చేతికి రావడం ఎంత సంబరమో నాకు తెలుసు. కానీ సీనియర్లు చెప్పింది నిజం. ఆ అంతర్జాతీయ సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ, జాతీయత, గుర్తింపు పత్రం సంఖ్య, అంటే సాధారణంగా పాస్‌పోర్ట్ నంబరు, వాటికి తోడు మీ సంతకం ఒకే పేజీలో ఉంటాయి. కోవిడ్ సర్టిఫికెట్‌లో మీ చేతి సంతకం ఉండదు. 2016 జూలై 11 నుంచి ఈ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, కాబట్టి కొన్నాళ్లకు పనికిరాకుండా పోతుందిలే అనుకోవడానికి లేదు. ఆ పోస్టును ఆర్కైవ్‌లోకి పంపకుండా పూర్తిగా తొలగించండి. హైలైట్స్‌లో కూడా ఉందేమో చూడండి. దాని బదులు మూసిన పుస్తకం ఫొటో పెట్టి, టీకా వేసిన 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుబాటు అవుతుందని రాస్తే, ఓడ ఎక్కే ముందురోజు దాకా ఆగే మీ బ్యాచ్ కుర్రాళ్లకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఏజెంటు విషయం ఇంకా ముఖ్యం. నావికుల నియామకం చేసే సంస్థకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్, అంటే నియామక సేవల లైసెన్సు ఉండాలి. ఆ నంబరు అడిగి, డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకునే వరకు ఏ పత్రమూ పంపవద్దు. నంబరు సరిపోలితే, ఏజెంటు సొంత వాట్సాప్‌కు కాకుండా సంస్థ అధికారిక ఈమెయిల్‌కు పీడీఎఫ్‌గా పంపండి. పంపే ముందు ఆ ప్రతి మీద అడ్డంగా, సమాచారాన్ని మరుగు పరచకుండా, సంస్థ పేరు, తేదీ, ‘ఈ నియామకానికి మాత్రమే’ అనే మాట రాసి స్కాన్ చేయండి. మరో విషయం: ఫొటోను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన చోటు వివరాలు తొలగిపోతాయి గానీ, స్పష్టత కోసమని డాక్యుమెంట్‌గా పంపితే మీ ఇంటి జీపీఎస్ గుర్తు కూడా దాని వెంట వెళ్లవచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్‌ను ఆపి, ఆ పేజీని మళ్లీ ఫొటో తీసి, దాన్నే పీడీఎఫ్ చేసుకోండి.