మొరాకో వెళ్లేవారికి ఏ భాష ఎక్కడ పనికొస్తుంది?

ప్రశ్న: కువైట్‌లో చాలా ఏళ్లు వెల్డర్‌గా చేసి వచ్చానండీ, అరబ్బీ బాగానే మాట్లాడతాను. ఇప్పుడు మొరాకోలో ఎరువుల ఫ్యాక్టరీలో పని ఉందని ఏజెంట్ అంటున్నాడు. అదీ అరబ్బు దేశమే కదా, భాషకి ఇబ్బందే ఉండదంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: సగమే నిజం. ఈజిప్టు సినిమాలు, టీవీ సీరియళ్లు చూసి తూర్పు దేశాల అరబ్బీ మొరాకో వాళ్లకి అలవాటే కాబట్టి, మీరు చెప్పేది చాలావరకు వాళ్లకి తెలుస్తుంది. వాళ్లు చెప్పేదే మీకు అందదు. అక్కడ ఇంట్లో, వీధిలో మాట్లాడేది దారిజా. అరబ్బీలోంచే వచ్చినా అక్కడి పాత స్థానిక భాష అమాజిగ్, ఫ్రెంచ్, స్పానిష్ మాటలు కలుపుకుని, అచ్చులు మింగేస్తూ గబగబా సాగిపోతుంది. కితాబ్ అక్కడ ‘క్తాబ్’ అవుతుంది, కువైట్‌లో ‘వాయిద్’ (చాలా) అనే చోట ‘బెజ్జాఫ్’ అంటారు, మీరు ‘శ్లోనక్’ అంటే వాళ్లు ‘లాబాస్?’ అని పలకరిస్తారు. నెమ్మదిగా చెప్పమని అడగండి, చాలామంది మీ కోసం మాట తేలిక చేస్తారు. దాన్ని చెడిపోయిన అరబ్బీ అని మాత్రం ఎవరి దగ్గరా అనకండి, అది వాళ్ల అమ్మభాష.

కూరగాయల బజారులో ఇంకో చిక్కుంది. అక్కడి డబ్బు దిర్హమ్, కానీ చిన్న బజార్లలో, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్లు, ఇప్పటికీ ర్యాల్ లెక్క చెబుతారు. అలాంటి నోటు గానీ నాణెం గానీ చేతికి రాదు, ఉత్త లెక్కే. 20 ర్యాల్‌లు ఒక దిర్హమ్. ‘మియత్ ర్యాల్’ అంటే మీరు వంద అనుకుని కంగారు పడతారు, ఇవ్వాల్సింది 5 దిర్హమ్‌లే.

ఇక కాగితం దగ్గరికొస్తే ఫ్రెంచ్. 1912 నుంచి 1956 దాకా ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న దేశం (ఉత్తరాన కొంత భాగం అప్పట్లో స్పెయిన్ కింద ఉండేది, అక్కడి తెతువాన్ ఊరి వైపు స్పానిష్ ఇంకా వినిపిస్తుంది). బ్యాంకు ఫారం, డాక్టరు మందుల చీటీ, ఫ్యాక్టరీలో పనికాగితాలు ఎక్కువగా ఫ్రెంచ్‌లోనే ఉంటాయి. మీ పని జోర్ఫ్ లస్ఫర్‌లోనో సఫీలోనో అయితే, ఫాస్ఫేట్ ఎరువుల ఫ్యాక్టరీలు అక్కడే ఉన్నాయి కాబట్టి, మాటకి దారిజా, పనికి కొద్దిగా ఫ్రెంచ్ చూసుకోండి. కాంట్రాక్టు ఫ్రెంచ్‌లో ఉంటే, తెలిసినవాళ్లతో చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు, ఏజెంట్ ఎంత తొందరపెట్టినా సరే.

ప్రశ్న: మొరాకో వీడియోల్లో ప్రభుత్వ ఆఫీసుల బోర్డుల మీద అరబ్బీ, ఫ్రెంచ్ కాకుండా గీతలు, గుండ్రాలతో ఇంకో లిపి కనిపిస్తోంది. ఏమిటండీ అది?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: మంచి ప్రశ్న అడిగారమ్మా. అది తిఫినాగ్, అమాజిగ్ భాష లిపి. అరబ్బులు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్న భాష అది. ఉత్తరాన రీఫ్ కొండల్లో తరీఫిత్, మధ్య అట్లాస్‌లో తమజిగ్త్, అగాదీర్ చుట్టుపక్కల సూస్ ప్రాంతంలో తషెల్హిత్ అని మూడు రూపాలు. కాసాబ్లాంకాలో వీధి చివర కిరాణా కొట్టు చాలాసార్లు సూస్ నుంచి వచ్చినవాళ్లదే అయి ఉంటుంది. బేరం దారిజాలో నడుస్తుంది, గల్లా దగ్గర అన్నదమ్ములిద్దరూ తషెల్హిత్‌లో మాట్లాడుకుంటారు. 2024 జనగణన ప్రకారం దేశంలో దాదాపు నాలుగో వంతు మంది అమాజిగ్ మాట్లాడతారు.

ఆ బోర్డు ఊరికే వచ్చింది కాదు. 1994 మే డే రోజున గుల్మీమా అనే ఊరి వాళ్లు తిఫినాగ్ రాసిన బ్యానర్లు పట్టుకుని ఊరేగితే అరెస్టు చేశారు, వాళ్లలో టీచర్లున్నారు. పిల్లలకి అమాజిగ్ పేర్లు పెట్టుకుంటే రిజిస్టర్‌లో రాయబోమని తిప్పి పంపిన అధికారులున్నారు. 2001లో ఈ భాష కోసం రాజసంస్థ పెట్టారు, 2003లో తిఫినాగ్‌ని ఎంచుకుని బడుల్లో నేర్పడం మొదలుపెట్టారు, 2011 రాజ్యాంగంలో అరబ్బీతో పాటు అధికార భాష అయింది. 2024 నుంచి అమాజిగ్ వాళ్ల కొత్త సంవత్సరానికి జనవరి 14న సెలవు కూడా ఇస్తున్నారు. నా మట్టుకు నాకు బోర్డు కంటే బడి ముఖ్యం అనిపిస్తుంది, అన్ని బడుల్లోనూ ఈ భాష నేర్పే టీచర్లు ఇంకా లేరు. కొండ ఊరి నుంచి వచ్చిన ముసలావిడ ఆస్పత్రిలో తన నొప్పి తన భాషలో చెప్పుకోగలగాలి. ఆ పని చాలా మిగిలి ఉంది.

ప్రశ్న: మావారికి కాసాబ్లాంకా పోస్టింగ్ వచ్చింది. పిల్లలు నాలుగు, ఏడు తరగతులు. ఇంగ్లిష్ మీడియం దొరుకుతుందా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: దొరుకుతుంది, అమెరికన్ స్కూళ్లున్నాయి, ఫీజులు మాత్రం బాగా ఎక్కువ. ఎవరు కడతారో కంపెనీని ముందే అడగండి. ప్రభుత్వ బడుల్లో అరబ్బీ. సైన్సుని చాలాకాలం ఇంటర్ స్థాయి దాకా అరబ్బీలో చెప్పి యూనివర్సిటీలో ఒక్కసారిగా ఫ్రెంచ్‌లో చెప్పేవారు, పిల్లలు నలిగిపోయేవారు. 2019 చట్టం తర్వాత కింది తరగతుల్లోనూ సైన్సుని ఫ్రెంచ్‌లో చెప్పే వీలు కల్పించారు. ఫ్రెంచ్ మీడియం ప్రైవేటు బడి అనుకుంటే చిన్నవాడికి పర్లేదు, ఏడో తరగతి పిల్లకే కష్టం. ఆమెకి ఫ్రెంచ్ ట్యూషన్ ఈ నెలలోనే పెట్టించండి.