మినుములో సంకరం చేసే ముందు

చిరంజీవి లావణ్యకి, పెదనాన్న ఆశీస్సులు.

ఎమ్మెస్సీ పరిశోధనకి మినుము తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. మంచిదే. డెబ్బై ఎనభై రోజుల పంట, ఏడాదికి రెండు తరాలైనా చూడొచ్చు. ఓపిక మాత్రం గట్టిగా కావాలి, ఎందుకంటే మినుములో పువ్వు విచ్చుకునేలోపే సొంత పుప్పొడి రాలిపోతుంది.

అందుకే మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని ముందురోజు సాయంత్రమే పట్టుకోవాలి. లోపల పది కేసరాలుంటాయి, తొమ్మిది కట్టగా, ఒకటి విడిగా. కీలాగ్రానికి గాయం కాకుండా పదీ తీసెయ్. తెల్లారాక తండ్రి మొక్క పుప్పొడి రాయి. చేసిన మొగ్గల్లో చాలావరకు రాలిపోతాయి, టెన్షన్ పడకు, అందరికీ అంతే. చీటీ మాత్రం అక్కడికక్కడే కట్టు. పచ్చ కాడ ఉన్న రకాన్ని తల్లిగా, ఊదా కాడ ఉన్నదాన్ని తండ్రిగా పెట్టుకుంటే, మొలకలోనే ఏది నిజమైన సంకరమో తెలిసిపోతుంది, ఊదా కాడతో వచ్చిందే సంకరం.

నేను అసలు రాయాలనుకున్నది ఎంపిక గురించి. ఫారంలో దున్ని, వరసల్లో వేసి, తడులిచ్చి పెంచిన మొక్కని చూసి మురిసిపోకు. మన దగ్గర దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, కాలవ నీరందని శివారు భూముల్లో, సార్వా (తొలి పంట వరి) కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ వరిలోనే మినుము చల్లుతారు. దుక్కీ లేదు, తడీ లేదు. నేలలో మిగిలిన పదునూ, పైన పడే మంచూ, అంతే. కోత మిషన్లు వచ్చాక మొలకలు చక్రాల కింద నలుగుతున్నాయని కొందరు కోశాకే చల్లుతున్నారు, అప్పటికి పదును ఆరిపోతుంది. దానికి తోడు మొక్కల్ని అల్లుకుని పీల్చేసే బంగారు తీగ కలుపు, చలికాలం బూడిద తెగులు. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం ఇచ్చిన ఎల్.బి.జి. 17 రకానికి మాగాణుల్లో పేరొచ్చింది ఈ బూడిద తెగులుని తట్టుకోబట్టే.

కాబట్టి రెండో తరాన్ని ఫారంలోనే పెంచుకో, అక్కడ ఒక్కో మొక్కా విలువైనది. మూడో తరం నుంచి ప్రతి కుటుంబం (ఒకే మొక్క నుంచి వచ్చిన సంతానం) గింజల్లో సగం ఏ రైతు మాగాణిలోనో చల్లించు. చల్లిన చోట మొలిచి, కలుపుని తొక్కుకుని పైకొచ్చినవాటినే ముందుకి తీసుకెళ్లు.

ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు పరీక్షకి, మధ్యమధ్యలో ఆ తెగులు ఇట్టే పట్టే రకం ఒక్కో వరస వెయ్యి. తెల్లదోమ అక్కడ వైరస్ ఎక్కించుకుని పక్క వరసలకి మోస్తుంది. ఆ వరసే పసుపెక్కలేదనుకో, ఆ ఏడాది నీ మొక్కలు తట్టుకున్నట్టు కాదు, తప్పించుకున్నట్టు. గైడ్ తొందరపెట్టినా ఆ ఏడాది తెగులుకిచ్చిన మార్కులు లెక్కలో వెయ్యకు.

దిగుబడి సరే, కొనేవాడు గింజ మెరుపు చూస్తాడు. మీ పెద్దమ్మ మాత్రం రుబ్బాక పిండి ఎంత పొంగిందో చూస్తుంది. నా ఓటు ఆవిడకే. ఆ పరీక్ష కూడా థీసిస్‌లో పెట్టొచ్చేమో అడుగు.

ఈసారి డిసెంబరు మొదట్లో చల్లుతున్నాం. సంక్రాంతి సెలవులకి పూత మీదుంటుంది. పట్టకారు, చీటీలు, దారం తెచ్చుకో. శివారు మడిలో ఒక మూల మందు కొట్టకుండా నీకు వదిలేస్తాను.

పెదనాన్న