అత్తయ్య ‘గ్యాస్’ అంటే నమ్మేయకండి

కొత్తగా డాలస్ వచ్చిన ఒక అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ ఇండియా నుంచి వచ్చి వారమైంది. పొద్దుటి నుంచి ఆయాసం, నీరసం అంటోంది. ప్రయాణం బడలికేమో?" ముందు 911కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చెయ్యి, మిగతావి తర్వాత మాట్లాడదాం అన్నాను.

పదకొండేళ్ల కిందట మా అత్తయ్య మా వంటింట్లో చపాతీలు వత్తుతూ ఆగిపోయారు. దవడ లాగుతోందన్నారు, వీపు మధ్యలో పట్టేసిందన్నారు. జాకెట్టు చెమటకి తడిసిపోయింది. "గ్యాసేనమ్మా, కాస్త వాము ఇవ్వు" అంటే ఇచ్చాను. గంట తర్వాత వాంతి అయ్యాక గానీ మేం కదల్లేదు. ఆస్పత్రిలో మా వారు కూడా "గ్యాస్ ప్రాబ్లం" అనే చెప్పారు, వాళ్లూ అదే రాసుకున్నారు. మొదటి ఈసీజీలో ఏమీ తేలలేదు. గుండె కండరం దెబ్బతింటే పట్టించే ట్రోపోనిన్ రక్తపరీక్ష ఫలితం వచ్చాకే హార్ట్ ఎటాక్ అని తెలిసింది. ఆ గంట నన్నింకా బాధిస్తూనే ఉంది.

గుండెపోటులో ఆడవాళ్లకీ ఎక్కువగా వచ్చేది ఛాతీనొప్పే. కానీ దవడ, వీపు నొప్పి, వికారం, ఆయాసం వాళ్లలో మగవాళ్లకంటే ఎక్కువ. ఛాతీ నొప్పి లేకుండానూ రావచ్చు.

విజిటర్ ఇన్సూరెన్స్ టెన్షన్‌తో ఇంట్లో కూర్చోకండి. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని డబ్బుతో, వీసాతో పని లేకుండా ముందు పరీక్షించాలి. బిల్లు మాత్రం వస్తుంది, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఫోన్‌లోనైనా ఇస్తారు, మీరు పైసా కట్టక్కర్లేదు. కొడుకు పక్కన నిలబడి తర్జుమా చేస్తుంటే ఏ తల్లీ రక్తస్రావం సంగతి నోరు విప్పి చెప్పదు. మగపిల్లలూ, ఇందులో నొచ్చుకోవాల్సిందేమీ లేదు. కాసేపు బయట కూర్చోండి.

మందుల్లోనూ తేడా ఉంది. నిద్రమాత్ర జోల్పిడెమ్ అమెరికాలో 1992లో అనుమతి పొందింది. అది ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. పొద్దున కారు నడిపేటప్పటికీ మత్తు మిగిలి ఉంటోందని, 2013లో వాళ్ల డోసు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించారు. ఇరవై ఏళ్లు పట్టింది! అందుకే ఆయనకి రాసిన మాత్ర మీరు వేసుకోకండి.

చెల్లెళ్లూ, కడుపుతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చి ఉంటే, పదేళ్లయినా సరే, కొత్త డాక్టర్‌కి చెప్పండి. తర్వాత గుండెజబ్బు ముప్పు లెక్కగట్టడానికి అది కావాలి. చాలాసార్లు డాక్టర్లు తమంతట తాము అడగరు.

అమ్మావాళ్లు విమానం ఎక్కకముందే మందుల పేర్లు, పాత ఈసీజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించమనండి.