మావి చిగురు, మగ కోయిల

చిరంజీవికి ఆశీస్సులు.

హైదరాబాదు కేబీఆర్ పార్కులో వసంతం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తల ఎర్రబారిన తొండ రాయి మీద ముందుకాళ్లతో లేస్తూ దిగుతూ ఉన్న పేరా బాగుంది. అది మగది, పోటీకొచ్చినదాన్ని బెదిరిస్తోంది. ఆ మాట కలుపు.

మూడో పేజీకి వచ్చేసరికి కోపం వచ్చింది. మావి చిగురు మేసిన ఆడ కోయిల గొంతెత్తి ప్రియుణ్ణి పిలిచిందని రాశావు. ఆ కూత మగదానిదయ్యా! నల్లగా నిగనిగలాడుతూ, ఎర్రటి కళ్లతో, అంతకంతకూ స్వరం పెంచుతూ కూసేది మగ కోయిల. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ మని కీచుగా అరుస్తుంది. వాటి తిండి చిగుళ్లు కాదు. రావి, మర్రి, మేడి పళ్లు తింటాయి, అప్పుడప్పుడు గొంగళిపురుగులు. కావ్యాల్లో చదివినదాన్ని పార్కులో చూశానని రాశావు. నా బాధంతా అదే. ఏప్రిల్, మే నెలల్లో కాకులు పుల్లలు మోసే చెట్టు ఒకటి గుర్తుపెట్టుకో. ఆడ కోయిల ఆ చుట్టుపక్కలే ఆకుల చాటున తిరుగుతుంది. దాన్ని చూశాక ఆ పేజీ మళ్లీ రాయి.

తప్పు నీ ఒక్కడిదే కాదులే. ఉగాది సంచికకు మాఘమాసంలోనే వ్యాసం అడుగుతారు. వేప పూత రాకముందే వసంతం రాసిమ్మంటే రచయిత పాత పద్యాల మీదే పడతాడు. "కంసాలి పిట్ట" అని రాస్తే పాఠకుడికి తెలియదని "ఏదో పిట్ట"గా దిద్దే సంపాదకులు ఇప్పటికీ ఉన్నారు. నువ్వు మాత్రం పేరు వదలకు.

ఆ పిట్టనే తీసుకో. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీదా రొమ్ము మీదా ఎరుపు. ముక్కు మూసుకునే టుక్ టుక్ మంటుంది, గొంతు మాత్రం ఉబ్బుతుంది. కూస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి చెవిని నమ్ముకుని వెతికితే దొరకదు. చిటారు కొమ్మలు ఒక్కొక్కటే కళ్లతో గాలించు. మెత్తబడిన ఎండుకొమ్మకు కిందివైపు గుండ్రటి తొర్ర కనిపిస్తే అక్కడ ఆగు. జంట రెండూ కలిసి తొలుస్తాయి. శుభ్రం పేరుతో ఎండుకొమ్మలు నరికేస్తే దానికి ఇల్లుండదు. ఇది నీ వ్యాసంలో రావాలి.

ఈసారి రౌండ్లు కొట్టకు. తెల్లారగానే వెళ్లి, ఎండ వీపుకు తగిలేట్టు ఒక్క చెట్టు దగ్గర అరగంట నిలబడు. ఎదురెండలో ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది. పూసిన మోదుగ దొరికితే మరీ మంచిది, తేనెపిట్టలూ గోరింకలూ వస్తాయి. 8×42 బైనాక్యులర్, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే, 42 మిల్లీమీటర్ల ముందు అద్దాలున్నది చాలు. టైము, చెట్టు, ఎంత ఎత్తులో ఉంది, ఏం చేస్తోంది, ఈ నాలుగూ అక్కడే పెన్సిల్‌తో రాసుకో. ఇంటికొచ్చి రాస్తే మరిచినచోటల్లా కవిత్వం దూరుతుంది.

ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించకు. గూడు కట్టే రోజుల్లో అది మేత మానేసి, లేని శత్రువు కోసం తిరుగుతుంది. గూడు కనిపిస్తే దగ్గరికి వెళ్లకు, తల్లి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి. అది ఏ మలుపులో, ఏ చెట్టు మీద ఉందో వ్యాసంలో రాయకు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఫొటోల వాళ్లకు కూడా చెప్పకు.