ఆర్చిబిషప్పే గవర్నరైన కాలం

ప్రశ్న: కొచ్చిలో స్థిరపడిన మా బంధువులు గోవా ఆర్చిబిషప్ మెనెజెస్ పేరెత్తితేనే ముఖం చిట్లిస్తారు. ఆయన సిరియాక్ (తూర్పు క్రైస్తవుల ప్రాచీన ఆరాధన భాష) గ్రంథాలను తగలబెట్టించారన్న మాట నిజమేనా? మతాధికారి అయివుండి గవర్నరుగా ఎలా పనిచేశారు?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ముందు గవర్నరు సంగతి చూద్దాం. తూర్పు దేశాలకు బిషప్పులను ఎంపిక చేసి పంపే హక్కును అప్పట్లో పోపులు పోర్చుగల్ రాజుకు ఇచ్చినందువల్ల, గోవా ఆర్చిబిషప్ రోముకు ఎంత జవాబుదారీయో రాజుగారికీ అంతే జవాబుదారీ. 1559లో లిస్బన్‌లో జన్మించి, అగస్టీనియన్ అనే కతోలిక సన్యాస సంఘంలో చేరిన అలెయిషో ద మెనెజెస్ 1595లో ఆ పీఠానికి నియమితులయ్యారు. భారత్‌లోని పోర్చుగీసు ప్రాంతాలను ఏలే వైస్రాయి మలక్కాలో మరణించడంతో 1607లో పాలన కూడా ఆయన చేతికి వచ్చి, 1609 వరకూ సాగింది. ఇందులో ఆనాటివారికి వింతేమీ కనిపించలేదు.

అసలు వివాదం కేరళది. తమ మతం అపొస్తలుడైన తోమా నుంచి వచ్చిందని నమ్మే అక్కడి తోమా క్రైస్తవులకు తరతరాలుగా పశ్చిమాసియా నుంచి సిరియాక్ బిషప్పులు వచ్చేవారు. వారిలో చివరివాడైన మార్ అబ్రహాం 1597లో కన్నుమూయగా, పెత్తనం ఆర్చ్‌డీకన్ (బిషప్ తరువాతి స్థానిక మతపెద్ద) గీవర్గీస్‌కు దక్కింది. 1599 ఆరంభంలో మెనెజెస్ స్వయంగా కొచ్చికి వచ్చి, ఊరూరా తిరిగి, తనవైపు మొగ్గే యువకులు చాలామందికి గురుపట్టం (పూజారి పదవి) ఇచ్చి, ఆ తరువాతే జూన్ 20న కొచ్చి దగ్గరి ఉదయంపేరూరులో మహాసభ జరిపారు. తీర్మానాలు ముందే సిద్ధమై ఉన్నాయి కనుక, దానిని చర్చావేదిక అనడం కన్నా సంతకాల సభ అనడమే సబబని నా అభిప్రాయం. గురువుల వివాహాలను నిషేధించారు, రోము మతద్రోహిగా ఎంచిన పాతకాలపు బిషప్ నెస్టోరియస్‌ను ఖండించమన్నారు, సిరియాక్ పుస్తకాలన్నీ అప్పగించాలని, వాటిని దిద్దడమో కాల్చడమో జరుగుతుందని శాసించారు. సిరియాక్ తెలిసిన ఫ్రాన్సిస్ రోస్ అనే జెస్యూట్ (మరో కతోలిక సన్యాస సంఘం) గురువు ఆ పరిశీలనలో సాయపడ్డారు. తరువాత తోమా క్రైస్తవుల పీఠమైన అంగమాలికి బిషప్ పదవి రోస్‌కే దక్కింది.

దహనం కట్టుకథ కాదు. మెనెజెస్‌ను కీర్తిస్తూ ఆయన సన్యాస సంఘానికే చెందిన అంటోనియో ద గొవేయా రాసి, 1606లో కోయింబ్రాలో అచ్చువేయించిన గ్రంథమే దానిని ఘనకార్యంగా వర్ణించింది. విరోధులు రాసి ఉంటే అనుమానించవచ్చు. అభిమాని సాక్ష్యాన్ని కాదనడం కష్టం. పోయిన ప్రతులలో ఏముండేదో మళ్ళీ తెలుసుకునే మార్గం లేదు.

మెనెజెస్‌కు మాత్రం పదోన్నతులు ఆగలేదు. 1612లో పోర్చుగల్‌లోని బ్రాగాకు ఆర్చిబిషప్ అయ్యారు, ఆపై ఆ దేశానికి వైస్రాయిగా కూడా వ్యవహరించి, 1617లో మాడ్రిడ్‌లో మరణించారు. కేరళలో రాజుకున్న అసంతృప్తి 1653 జనవరి 3న మట్టాంచేరిలో, జెస్యూట్ల పెత్తనాన్ని ఒప్పుకోమంటూ తోమా క్రైస్తవులు చేసిన కూనన్ శిలువ ప్రమాణంగా బయటపడి, ఆ సమాజాన్ని రెండుగా చీల్చింది.